తక్కువ ఖర్చులో మడత డ్రాయింగ్ బల్ల: కొలతలు, కీళ్ళు, గాట్లు

డ్రాయింగ్ బల్ల చేసుకుందామనుకునే వాళ్ళు ముందుగా పలక గురించే ఆలోచిస్తారు. ఉన్న డబ్బంతా మంచి ప్లైవుడ్ మీద పెట్టి, బందులు (తలుపులకు వేసేలాంటి ఇనప కీళ్ళు), బోల్టులు మాత్రం చేతికి దొరికినవి వేసేస్తారు. చివరికి పలక అద్దంలా ఉంటుంది, రబ్బరుతో గట్టిగా చెరిపితే మాత్రం బల్ల అటూ ఇటూ ఊగుతుంది. ఊగే బల్ల మీద సన్నని గీత నిలవదు. మడత బల్ల ఊగేది కీళ్ళ దగ్గరే కాబట్టి, పలక మీద మిగిల్చి కీళ్ళ మీద ఖర్చు పెట్టాలి. కింద ఇచ్చిన కొలతలన్నీ ఆ లెక్కతోనే వేసినవి.

పలక 900 × 600 మి.మీ., మందం 12. ప్లైవుడ్ పూర్తి షీటు 2440 × 1220 ఉంటుంది. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 1220 × 610. ఆ పావు షీటు ఒక్కటి చాలు. పలక పోగా దాదాపు 317 × 610 ముక్క మిగులుతుంది, దాని పని తర్వాత చెబుతాను. ఈ పలక మీద ఏ2 కాగితం (594 × 420) హాయిగా పరుచుకుంటుంది, పక్కన సామానుకు 300 మి.మీ. చోటు కూడా ఉంటుంది. ఏ1 మాత్రం కుదరదు. 841 × 594 కాగితం 600 లోతులో పట్టినట్టే కనిపిస్తుంది గానీ పైనా కిందా మూడేసి మిల్లీమీటర్లే మిగులుతాయి, టేపు అంటించడానికి చోటే ఉండదు. ఏ1 పని చేసేవాళ్ళు పలకను 920 × 650 చేసుకోవాలి. దానికి పావు షీటు చాలదు, సగం షీటు కావాలి.

18 మి.మీ. పలక వేస్తే ఇంకా గట్టిగా ఉండదా? ఉంటుంది. వంగకుండా నిలిచే బలం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 12 నుంచి 18కి వెళితే మూడు రెట్లు దాటుతుంది. అయితే ఎత్తి మోసే బల్లకు బరువూ చూసుకోవాలి. ప్లైవుడ్ ఘనమీటరుకు దాదాపు 600 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన 12 మి.మీ. పలక 3.9 కిలోలు, 18 మి.మీ. పలక 5.8 కిలోలు. 12 మి.మీ. పలక కింద రీపుల చట్రం బిగిస్తే ఆ బలం తక్కువ బరువుతోనే వస్తుంది. ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచును జిగురుతో ఒత్తి చేసిన పలక) ముఖం నున్నగా ఉండి మనసు లాగుతుంది గానీ అది ఇంకా బరువు, పైగా బందుల స్క్రూలను రెండోసారి పట్టదు. ఒకసారి ఊడితే రంధ్రం పొడి పొడి అవుతుంది. మడత బల్లకు ఎమ్‌డీఎఫ్ వద్దు.

మిగతాదంతా 40 × 25 మి.మీ. రీపులతోనే. కోత పట్టీ ఇది:

పలక కింది చట్రానికి 840 మి.మీ. రెండు, 460 రెండు, మధ్య అడ్డానికి 760 ఒకటి.
పీఠానికి (పలక కింద ఉండి కాళ్ళు తగిలే చట్రానికి) 840 రెండు, చివరి అడ్డాలకు 490 మూడు.
కాళ్ళకు 675 రెండు, 650 రెండు, కాళ్ళ మధ్య అడ్డాలకు 470 నాలుగు.
దన్నుకర్రకు (పలకను వాలుగా నిలిపే ఊతానికి) 215 రెండు, 300 ఒకటి.

మొత్తం 11.8 మీటర్లు. కోతలో పోయేదీ, ముడి వచ్చి పక్కన పెట్టేదీ కలుపుకుని 13 మీటర్లు తెచ్చుకోండి. ఇవి కాక గాటుపట్టీలకు (దన్నుకర్ర కూర్చునే గాట్లున్న పట్టీలకు) 490 × 25 × 20 గట్టి చెక్క ముక్కలు రెండు, 12 మి.మీ. గుండ్రని కర్ర 360 పొడవుది ఒకటి, 20 × 3 మి.మీ. ఇనప పట్టీ ఒకటిన్నర మీటరు, 75 మి.మీ. బందులు తొమ్మిది. బోల్టులు 6 మి.మీ. లావువి: 60 పొడవువి నాలుగు, వాటికి నైలాక్ నట్లు (లోపల నైలాన్ వలయం ఉండి వదులవనివి), 40 పొడవువి నాలుగు, వాటికి రెక్కల నట్లు. వాషర్లు ఓ డజనుంచండి. పూర్తయిన బల్ల చెక్క రకాన్ని బట్టి 10 నుంచి 12 కిలోలు తూగుతుంది.

పాత తలుపు చట్రాలు, పాత మంచాల చెక్క దొరికితే ఇంకా మంచిది. ఏళ్ళ తరబడి ఆరిన చెక్క ఇక పెద్దగా మెలి తిరగదు. కోసే ముందు లోపల మేకులేమైనా ఉన్నాయేమో ఒక అయస్కాంతం తిప్పి చూసుకోండి. కొత్త రీపులైతే ఒక్కొక్కటీ కంటి దగ్గర పెట్టి, ఒక కన్ను మూసి, చివరిదాకా చూడండి. విల్లులా కొద్దిగా వంగిన దాన్ని చిన్న ముక్కలకు వాడుకోవచ్చు. మెలి తిరిగిన దాన్ని మాత్రం దుకాణంలోనే వదిలేయాలి, అది కాలికీ పనికిరాదు, చట్రానికీ పనికిరాదు.

బందులు కొనేటప్పుడు ఒక్కో దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఇరుసు వెంట కాకుండా దానికి అడ్డంగా కదిలించి చూడండి. లొటలొట వినిపిస్తే తీసుకోకండి. ఎందుకింత పట్టుదల అంటే, కాలి మందం 25 మి.మీ., పొడవు 675. బందులో అర మిల్లీమీటరు వదులుంటే కాలి కొస దగ్గర అది 675 ÷ 25 × 0.5, అంటే పదమూడు మి.మీ. పైనే అవుతుంది. అర మిల్లీమీటరు చేతికి తెలియనే తెలియదు, పదమూడు మిల్లీమీటర్లు బల్లను ఊయల చేస్తాయి. అందుకే కాలికి ఏటవాలుగా ఇనప పట్టీ తప్పదు. కీలు నుంచి 250 మి.మీ. దూరంలో పట్టుకునే పట్టీ ఉంటే, ఆ పట్టీ రంధ్రంలో అదే అర మిల్లీమీటరు వదులున్నా కాలి కొస దగ్గర రెండు మిల్లీమీటర్లు దాటదు. పట్టీని కీలుకు ఎంత దగ్గరగా కడితే ఊపు అంత పెరుగుతుంది. బల్ల నాజూగ్గా కనిపించాలని చిన్న పట్టీలు వేసే వాళ్ళు నష్టపోయేది ఇక్కడే.

పలక

ప్లైవుడ్ షీటుకు ఫ్యాక్టరీ కోసిన అంచు చేతి రంపంతో వచ్చే అంచు కంటే ఎప్పుడూ తిన్నగా ఉంటుంది. టీ స్క్వేరు (అడ్డగీతలు గీసే టీ ఆకారపు బద్ద) తల ఆనేది ఎడమ అంచుకే కాబట్టి ఫ్యాక్టరీ అంచును ఎడమవైపు ఉంచుకోండి. ఎడమచేతి వాటం వాళ్ళయితే కుడివైపు. అంచు తిన్నగా ఉందో లేదో చూడాలంటే, దాని వెంట ఒక కాగితం మీద సన్నని పెన్సిలుతో గీత గీసి, పలకను బోర్లించి అదే అంచుతో అదే గీత మీద మళ్ళీ గీయండి. రెండు గీతల మధ్య కనిపించే సందు అసలు తప్పుకు రెట్టింపు. సందు కనిపిస్తే గరుకు కాగితం చుట్టిన పొడవాటి చెక్కతో రుద్ది సరిచేయాలి. పాతకాలపు పైన్ చెక్క డ్రాయింగ్ బోర్డులకు ఆ అంచులో నల్లటి ఎబొనీ పట్టీ పొదిగేవాళ్ళు. రోజూ టీ స్క్వేరు జారి జారి మెత్తని చెక్క అరిగిపోతుందని ఆ జాగ్రత్త. మనకు ప్లైవుడ్ అంచు మీద సన్నని అల్యూమినియం పట్టీ అంటిస్తే ఆ పని జరిగిపోతుంది.

చట్రాన్ని పలక కింద చుట్టూ 30 మి.మీ. వదిలి అమర్చండి. బయటి కొలత 840 × 540. రీపులు పడుకోబెట్టి, అంటే 25 మి.మీ. ఎత్తు వచ్చేలా, జిగురు పూసి కింది నుంచి స్క్రూలు బిగించాలి. స్క్రూ పొడవు 32 మి.మీ., అంతకు మించొద్దు. రీపు 25, పలక 12, కలిపి 37. స్క్రూ తల రెండు మి.మీ. లోపలికి దిగుతుంది కాబట్టి 35 వేస్తే మొన సరిగ్గా పలక పైముఖం దాకా వచ్చి బుడిపె లేపుతుంది. ఆ బుడిపె మీద పెన్సిలు వెళ్ళిన ప్రతిసారీ గీత గెంతుతుంది. ప్లైవుడ్ అంచులోకి మాత్రం ఎక్కడా స్క్రూ పెట్టకండి, పొరలు విచ్చుకుంటాయి.

పైముఖానికి ఏదో ఒక పూత కావాలి. వట్టి ప్లైవుడ్ మీద కాగితం పెట్టి గీస్తే చెక్క గీరలు పెన్సిలు పనిలో కనబడతాయి. నున్నటి వినైల్ షీటు గానీ, మెరుపు లేని లామినేటు గానీ అంటించవచ్చు. లామినేటు అయితే కింది ముఖానికీ వేయాలి, అదీ చట్రం బిగించక ముందే. ఒక్క వైపే వేస్తే రెండో వైపు గాలిలో తేమ పీల్చి వదులుతూ ఉంటుంది, పలక కొన్నాళ్ళకు పళ్ళెంలా వంగుతుంది. వార్నిష్ వేసినా ఇదే నియమం: పైన ఎన్ని పూతలో కింద అన్ని పూతలు. అన్నిటికంటే చవక దారి, మందపాటి చార్టు కాగితాన్ని నాలుగంచులా టేపుతో పలకకు బిగించి, పాడైనప్పుడల్లా మార్చుకోవడం. నిజానికి పని బాగుండేది కూడా అదే, గీతకు కింద కొంచెం మెత్తదనం దొరుకుతుంది.

పీఠం, కాళ్ళు

పీఠం రైళ్ళు (ముందూ వెనకా ఉండే పొడవాటి కర్రలు) రెండూ 840 మి.మీ. రీపులు, నిలువుగా, 40 మి.మీ. ఎత్తు వచ్చేలా. వాటి మధ్య రెండు చివర్లలో 490 అడ్డాలు, పడుకోబెట్టి, పైముఖాలు రైళ్ళతో సమంగా. ఎడమవైపు అడ్డం ఒంటి రీపు, 25 మి.మీ. మందం. కుడివైపు అడ్డం రెండు రీపులు కలిపి అంటించినది, 50 మి.మీ. మందం. ఈ తేడా మరిచిపోతే బల్ల మడవదు. ఎడమ కాళ్ళ చట్రం లోపలికి మడిచాక, కుడి కాళ్ళ చట్రం దాని మీదికి రావాలి. రెండు కీళ్ళూ ఒకే ఎత్తులో ఉంటే రెండో చట్రం మొదటి దానికి తగిలి సగంలో ఆగిపోతుంది. కుడి కీలు 25 మి.మీ. కిందికి దిగింది కాబట్టే కుడి కాళ్ళు 650, ఎడమ కాళ్ళు 675. నిలబెట్టినప్పుడు రెండువైపులా ఎత్తు సమానం: 3 మి.మీ. రబ్బరు మడమ, కాలు, అడ్డం, పలక చట్రం 25, పలక 12, అన్నీ కలిపితే నేల నుంచి 740 మి.మీ. మీ కుర్చీ ఎత్తు వేరైతే రెండు జతల కాళ్ళనూ ఒకే కొలత పెంచండి లేదా తగ్గించండి. వాటి మధ్య 25 తేడా మాత్రం అలాగే ఉండాలి.

అడ్డం చివరల్లోకి స్క్రూ దిగేది చెక్క అడ్డకోత ముఖంలోకి. అక్కడ పట్టు తక్కువ. ఒక్కో చివరా జిగురుతో పాటు 65 మి.మీ. స్క్రూలు రెండు వేసి, మూలలో చిన్న చెక్క దిమ్మ కూడా అంటించండి. స్క్రూకు ముందు రంధ్రం తప్పకుండా వేయాలి, 4 మి.మీ. స్క్రూకు 2.5 నుంచి 3 మి.మీ. బిట్టు. లేకపోతే చివర చీలుతుంది.

పీఠం మూలమట్టానికి ఉందో లేదో కర్ణాలతో చూసుకోవాలి. 840 × 540 చట్రానికి రెండు కర్ణాలూ 998 లేదా 999 మి.మీ. రావాలి. అంకె కంటే రెండూ సమానంగా ఉండటం ముఖ్యం. తేడా ఉంటే పొడవు కర్ణం వైపు మూలల్ని నొక్కి సరిచేసి, జిగురు ఆరేదాకా కదపకండి. క్లాంపులు లేకపోతే చట్రం చుట్టూ తాడు రెండు చుట్లు కట్టి, మధ్యలో ఒక కర్ర దూర్చి మెలిపెట్టండి, పట్టు అంతే గట్టిగా వస్తుంది. తెల్ల జిగురుకు ఒక రోజంతా ఇవ్వాలి.

కాళ్ళ చట్రం వెడల్పు 470, రైళ్ళ మధ్య ఖాళీ 490. అంటే రెండువైపులా పది మి.మీ. సందు, అది ఇనప పట్టీల కోసం. కాళ్ళకు పైనొక అడ్డం, నేలకు 80 మి.మీ. పైన ఇంకొక అడ్డం. కలిసే చోట రెండు చెక్కల్లోనూ సగం సగం మందం తీసి ఒకదానిలో ఒకటి కూర్చాలి. అడ్డాన్ని కాలి మీద పైపైన బిగిస్తే మందం పెరిగి మళ్ళీ మడత దగ్గర అడ్డుపడుతుంది. పలక కోయగా మిగిలిన ప్లైవుడ్‌కు ఇక్కడే పని. 120 మి.మీ. చదరాలు ఎనిమిది కోసి, ఒక్కొక్కదాన్ని కర్ణం వెంట రెండు చేయండి. త్రిభుజాలు రెండేసి కలిపి అంటిస్తే 24 మి.మీ. మందం వస్తుంది, రీపు మందం 25 లోపలే సరిపోతుంది. ఆ ఎనిమిది దిమ్మలు రెండు చట్రాల ఎనిమిది మూలల్లో కూర్చుంటాయి. బల్ల ముందుకీ వెనక్కీ ఊగకుండా ఆపేవి ఇవే. జిగురు పొదుపు చేయకండి.

బందును బిగించేటప్పుడు కాలి లోపలి ముఖమూ అడ్డం లోపలి అంచూ ఒకే తలంలో ఉండాలి. ఒక రేకు అడ్డం అంచుకు, రెండోది కాళ్ళ పై అడ్డానికి. అప్పుడు కాలు తెరిచి ఉన్నంతసేపూ దాని తల అడ్డం అడుగున చెక్కకు చెక్క ఆనుతుంది, బరువు బందు మీద పడదు. కాలి తలకూ అడ్డానికీ మధ్య కాగితం దూరేంత సందు కూడా ఉండకూడదు. సందుంటే బరువంతా ఇరుసు మోస్తుంది, బందు తొందరగా వదులవుతుంది. బందు రేకు వెడల్పు 25 మి.మీ. మించకుండా చూసి కొనండి.

ఇనప పట్టీలు నాలుగు, రంధ్రాల మధ్య దూరం 354 మి.మీ. కాలి నుంచి రైలు వెంట 250, రైలు రంధ్రం నుంచి కిందికి 250 లెక్కన వచ్చిన కొలత అది. రైలు రంధ్రాన్ని మాత్రం లెక్కతో వేయకండి. కాలిని మూలమట్టంతో నిలబెట్టి, పట్టీని కాలికి బిగించి, రెండో చివర రంధ్రం ఎక్కడ పడుతుందో అక్కడే గుర్తుపెట్టి తొలవండి. 6 మి.మీ. బోల్టుకు 6 మి.మీ. రంధ్రమే, వదులొద్దు. కాలి వైపు బోల్టు తల సందులోకి, నైలాక్ నట్టు లోపలి వైపుకు రావాలి. నట్టు సందులో పెడితే పట్టీ, వాషరు కలిపి పది మి.మీ. దాటిపోయి రైలుకు రాసుకుంటుంది. రైలు వైపు బోల్టు మడిచేటప్పుడు తీసేది కాబట్టి దానికి దారం కట్టి పీఠానికి వేలాడదీయండి, లేకపోతే ఒకటి ఎక్కడో పడిపోవడం ఖాయం.

వాలు

పలక చట్రాన్ని పీఠం ముందు రైలుకు మూడు బందులతో కలపాలి. రేకులు రెండూ ముందు ముఖాల మీదే, ఇరుసు బయటికి. పలక 30 మి.మీ. ముందుకు వచ్చి ఉంటుంది కాబట్టి అది చేతికి తగలదు.

దన్నుకర్ర ఒక చిన్న యూ ఆకారపు చట్రం. పలక మధ్య అడ్డానికి రెండు బందులతో వేలాడుతుంది. ఆ బందుల ఇరుసు ముందు బందుల ఇరుసు నుంచి 300 మి.మీ. దూరంలో ఉండాలి. దన్నుకర్ర రెండో చివర గుండ్రని కర్ర దూరుతుంది, ఇరుసు నుంచి కర్ర మధ్యకు 200 మి.మీ. కర్ర చివరలు రెండువైపులా 30 మి.మీ. బయటికి వచ్చి, పీఠంలోని గాటుపట్టీల గాట్లలో కూర్చుంటాయి. పట్టీలు పీఠం పైముఖంతో సమంగా, ముందు నుంచి వెనక రైలు దాకా.

గాట్లను సమాన దూరంలో కోయడం మామూలుగా జరిగే పొరపాటు. అలా కోస్తే వాలు సమంగా మారదు. ముందు బందు ఇరుసు నుంచి దూరాలు ఇవి: పలక సమతలంగా ఉండటానికి 500 మి.మీ., 15 డిగ్రీలకు 474, 25 డిగ్రీలకు 427, 35 డిగ్రీలకు 348. మొదటి రెండు గాట్ల మధ్య 26, తర్వాత 47, ఆ తర్వాత 79. గాటు లోతు 12 మి.మీ., వెడల్పు కర్ర తేలిగ్గా దూరేంత. వెనక గోడ నిలువుగా, ముందు గోడ కొంచెం ఏటవాలుగా కోయండి. పలక మీద బరువు పడితే కర్ర వెనక్కే తోస్తుంది, ముందు గోడ మీద భారం ఏమీ ఉండదు. ఆ ఏటవాలు వల్ల పలక ఎత్తినప్పుడు కర్ర సులువుగా బయటికొస్తుంది. కోసే ముందు ఒకసారి పలకను ఎత్తి, ఫోనులోని కోణం చూపే యాప్‌ను దాని మీద పెట్టి, కర్ర నిజంగా ఎక్కడ ఆనుతుందో సరిచూసుకోండి. మీ బందుల మందాన్ని బట్టి ఒకటి రెండు మి.మీ. మారుతుంది.

విరిగేది ఎప్పుడూ 15 డిగ్రీల గాటే. దన్నుకర్ర అక్కడ దాదాపు పడుకుని ఉంటుంది కాబట్టి వెనక్కి తోసే బలం 35 డిగ్రీల దగ్గర కంటే మూడు రెట్లకు పైగా ఉంటుంది. దాని వెనక మిగిలే చెక్క 14 మి.మీ. మాత్రమే. మెత్తని పైన్ వేస్తే మోచేతులు ఆనించి పనిచేసే వాళ్ళకు ఆ ముక్క నార వెంట చీలి ఊడి వస్తుంది. అందుకే ఈ రెండు పట్టీలకు మాత్రం టేకు లాంటి గట్టి చెక్క వాడమంటున్నాను. చిన్న ముక్కలే కాబట్టి ఖర్చు పెద్దగా పెరగదు.

ముందు అంచున పెన్సిలు ఆగడానికి పట్టీ పెడితే పలక మీద ఆరు మి.మీ. మించి పైకి రానీయకండి, అంచు గుండ్రంగా రుద్దండి. ఎత్తైన పట్టీ ముంజేతిని కోస్తుంది.

బల్ల నిలబెట్టాక నాలుగు కాళ్ళూ నేలను తాకకపోతే పొడవైన కాలును వెంటనే కోసేయకండి. ముందు బల్లను తిప్పి వేరే చోట పెట్టి చూడండి, తప్పు నేలదే కావచ్చు. ఏ చోట పెట్టినా అదే కాలు లేస్తుంటే దాని కింద రబ్బరు మడమను మందం చేస్తే చాలు. అలాగే పలక ముందు అంచు ముందు కాళ్ళ కంటే 65 మి.మీ. ముందుకు ఉంది. 11 కిలోల బల్లకు ఆ అంచు మీద దాదాపు 40 కిలోల బరువు పడితేనే వెనక కాళ్ళు లేస్తాయి. మోచేతులు ఆనించడానికి భయం లేదు, దాని మీద కూర్చోవడం మాత్రం కుదరదు. పిల్లలున్న చోట ఇది గుర్తుంచుకోవాలి.

మడిచేటప్పుడు కర్రను 500 గాటులో పడుకోబెట్టి, నాలుగు బోల్టులు తీసి, ముందు ఎడమ కాళ్ళు, తర్వాత కుడి కాళ్ళు. తెరిచేటప్పుడు కుడివి ముందు. మడిచిన బల్ల మందం 11 సెం.మీ. పైచిలుకు, మంచం కింద గానీ తలుపు వెనక గానీ పట్టేస్తుంది. పలక తెరుచుకోకుండా, కాళ్ళు జారకుండా చుట్టూ రెండు పటకాలు బిగించి, ఫ్యాక్టరీ అంచు పైకి వచ్చేలా నిలబెట్టండి. టీ స్క్వేరు ఆనే ఆ అంచు నేలకు కొట్టుకుని ఒక్క సొట్ట పడినా, తర్వాత గీసే ప్రతి అడ్డగీతా అక్కడికి వచ్చేసరికి పక్కకు తప్పుతుంది.